ఒకే స్కోరు, వేర్వేరు అర్థాలు: వృద్ధుల్లో కుంగుబాటును పసిగట్టే పరీక్షలు, ముప్పు కారకాలు

వృద్ధాప్యంలో కుంగుబాటు వైద్యుడి గదిలోకి తన సొంత పేరుతో రావడం అరుదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనో, నడుం నొప్పి ఎన్ని మాత్రలు వేసినా తగ్గడం లేదనో, ఆకలి చచ్చిపోయిందనో, ఈమధ్య ఏదీ గుర్తుండటం లేదనో చెప్పుకోవడానికి వచ్చిన పెద్దవారిని ‘మనసు ఎలా ఉంటోంది’ అని అడిగితే, ‘నాకేం, బాగానే ఉన్నాను’ అన్న సమాధానమే ఎక్కువగా వస్తుంది. ఆ సమాధానంలో దాపరికం ఉండవచ్చు; చాలాసార్లు ఉండదు కూడా. కుంగుబాటు అనగానే గుర్తొచ్చే దిగులు, ఏడుపు, నిరాశ నిండిన మాటలు పెద్దవయసులో అంతగా పైకి తేలకపోవచ్చు. ఇంతకాలం ఇష్టంగా చేసుకున్న పనుల మీద ఆసక్తి పోవడం, నలుగురిలోకి వెళ్లడం మానుకోవడం, మాట తగ్గిపోవడం, చిన్న విషయానికే విసుక్కోవడం, ఒంట్లో ఏదో నలతగా ఉందని పదేపదే చెప్పడం వంటివే ముందుగా కనిపిస్తాయి. పరిశోధకులు దీన్ని ‘దిగులు లేని కుంగుబాటు’ అని కూడా వ్యవహరించారు.

తమంతట తాము చెప్పుకోరు కాబట్టి అడిగి తెలుసుకోవలసి వస్తుంది. నిర్ణీత ప్రశ్నలతో పలకరించి, ఎవరికి లోతైన పరీక్ష అవసరమో వేరుచేసే ఈ ప్రక్రియనే స్క్రీనింగ్ అంటారు. చెప్పడానికి ఇది తేలికైన పనే. ప్రశ్నల కాగితం ఇచ్చి, వచ్చిన మార్కులు కూడి, హద్దు దాటితే జబ్బు ఉన్నట్టు, దాటకపోతే లేనట్టు తేల్చేయడం ఇంకా తేలిక. అయితే ఏ స్కోరుకైనా అర్థం ఆ మనిషి జీవితంలో అప్పటికే ఉన్న ముప్పు కారకాలను బట్టి మారుతుంది. ఈ రెండింటినీ వేర్వేరు కాగితాల మీద రాసి, వేర్వేరుగా చదవడం దగ్గరే చాలా పొరపాట్లు మొదలవుతున్నాయి.

వయసే కారణమా?

‘వయసు మీద పడ్డాక ఇంతే’ అన్న మాట కుటుంబంలో వినిపిస్తుంది, వైద్యుల నోటా వినిపిస్తుంది, చివరికి బాధపడుతున్న వ్యక్తి కూడా అదే నమ్ముతారు. గణాంకాలు ఈ నమ్మకాన్ని సమర్థించవు. అమెరికాలో వేసిన అంచనాల ప్రకారం, తమ ఇళ్లలో స్వతంత్రంగా జీవిస్తున్న వృద్ధుల్లో తీవ్రమైన కుంగుబాటు 1 నుంచి 5 శాతం మందిలోనే ఉంటుంది. ఇంటి వద్దే వైద్య సేవలు పొందవలసిన వారిలో అది 13.5 శాతానికి, ఆసుపత్రిలో చేరిన వృద్ధుల్లో 11.5 శాతానికి చేరుతుంది. వయసులో వీరంతా ఒకే తరగతికి చెందినవారు. తేడా వచ్చింది జబ్బుల్లో, పరాధీనతలో. శారీరక వైకల్యం, దీర్ఘకాలిక వ్యాధులు, ఆదాయం, తోడు కోల్పోవడం వంటి వాటిని లెక్కలోంచి వేరుచేసి చూస్తే వయసుకూ కుంగుబాటుకూ మధ్య కనిపించే సంబంధం చాలావరకు చెదిరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు తమ భావోద్వేగాలను అదుపులో ఉంచుకోవడంలో యువకుల కంటే మెరుగ్గా ఉంటారని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి.

అలాగని సమస్య చిన్నదని కాదు. 70 ఏళ్లు, ఆపైబడిన వారిలో దాదాపు 14 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాటిలో కుంగుబాటు, ఆందోళన ముఖ్యమైనవి. ప్రపంచవ్యాప్తంగా జరుగుతున్న ఆత్మహత్యల్లో సుమారు ఆరో వంతు ఈ వయసు వారివే. పైగా నిర్ధారణకు కావలసినన్ని లక్షణాలు లేకపోయినా రోజువారీ జీవితాన్ని దెబ్బతీసేంత కుంగుబాటుతో ఉన్నవారు తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. స్క్రీనింగ్ గురించిన చర్చల్లో వీరి ప్రస్తావన తక్కువగా వస్తుంది.

ప్రశ్నావళులు ఏం అడుగుతాయి?

అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ ప్రమాణాల ప్రకారం తీవ్రమైన కుంగుబాటుకు తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు ఉండాలి. వాటిలో ఒకటి దిగులైనా కావాలి, ఆసక్తి సన్నగిల్లడమైనా కావాలి. మిగిలిన ఏడింటిలో నిద్ర మార్పు, ఆకలి లేదా బరువులో మార్పు, నీరసం, కదలికలు మందగించడం లేదా స్థిమితం లేకపోవడం, ఏకాగ్రత తగ్గడం అనే ఐదూ శారీరక వ్యాధులతోనూ రాగలవు. గుండె వైఫల్యం, కీళ్లవాతం, పార్కిన్సన్స్ వ్యాధి, క్యాన్సర్ ఉన్న వ్యక్తిలో ఇవి కుంగుబాటు వల్ల వచ్చాయా, ఆ జబ్బు వల్ల వచ్చాయా అనేది ఎంత అనుభవం ఉన్న వైద్యుడికైనా ఒక్క చూపులో తేలే విషయం కాదు.

ఈ చిక్కును తప్పించడానికే 1980ల తొలినాళ్లలో జెరోమ్ యెసావేజ్, ఆయన సహచరులు ప్రత్యేకంగా వృద్ధుల కోసం జీరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్‌ను రూపొందించారు. దీన్ని క్లుప్తంగా జీడీఎస్ అంటారు. ముందుగా వంద ప్రశ్నలు తీసుకుని, కుంగుబాటు ఉన్నవారిని లేనివారి నుంచి బాగా వేరుచేయగలిగిన 30 ప్రశ్నలను ఉంచారు. నిద్ర, ఆకలి వంటి శారీరక లక్షణాలు ఆ వడపోతలో నిలబడలేదు. 1986లో ఇది 15 ప్రశ్నలకు కుదించుకుపోయింది. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది ఆ పొట్టి రూపమే. గత వారం రోజుల్లో ఎలా అనిపించిందో ‘అవును’, ‘కాదు’ అని చెబితే చాలు. కాబట్టి చూపు మందగించిన వారికీ, చదువురాని వారికీ పైకి చదివి వినిపిస్తూ సమాధానాలు రాసుకోవచ్చు. సాధారణంగా 5 మార్కుల దగ్గర హద్దు గీస్తారు; 10 దాటితే కుంగుబాటు ఉండే అవకాశం చాలా ఎక్కువ. ప్రశ్నలన్నీ ఒకే దిశలో సాగవు. పదింటికి ‘అవును’ అన్నప్పుడు మార్కు పడుతుంది, ఐదింటికి ‘కాదు’ అన్నప్పుడు పడుతుంది. హడావిడిగా కూడేవారు ఇక్కడే తప్పు చేస్తుంటారు.

శరీరాన్ని పక్కనపెట్టామని జీడీఎస్ చెప్పుకున్నా శరీరం అంత తేలిగ్గా పక్కకు పోదు. బయటకు వెళ్లి కొత్త పనులు చేయడం కంటే ఇంట్లో ఉండిపోవడమే నయమనిపిస్తోందా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. మోకాళ్లు అరిగిపోయి మెట్లు దిగలేని వ్యక్తి దానికి నిజాయితీగా ‘అవును’ అనే చెబుతారు, ఒక మార్కు పడుతుంది. ఒంట్లో శక్తి ఉందనిపిస్తోందా అనే ప్రశ్నదీ అదే కథ.

సాధారణ వైద్యుల వద్ద ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ-9 (పేషెంట్ హెల్త్ క్వశ్చనేర్) ప్రశ్నావళి 2001లో వెలువడింది. ఇందులో తొమ్మిది ప్రశ్నలు నిర్ధారణ ప్రమాణాల్లోని తొమ్మిది లక్షణాలనే అనుసరిస్తాయి. ప్రతి ప్రశ్నకు 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. 10 వస్తే మరింత పరిశీలించాలన్నది సాధారణ నియమం. శారీరక లక్షణాల సమస్య దీనిలో ఎంత లోతుగా ఉందో చిన్న లెక్కతో తెలుస్తుంది. గుండె వైఫల్యంతో బాధపడుతున్న వ్యక్తి నిద్రకు 3, నీరసానికి 3, ఆకలికి 2, మందగించిన కదలికలకు 2 మార్కులు ఇచ్చారనుకుందాం. దిగులు, ఆసక్తి లేకపోవడం అనే రెండు మూల ప్రశ్నలకూ సున్నా వచ్చినా ఆయన హద్దును చేరుకుంటారు. తద్విరుద్ధంగా, ఆ రెండు ప్రశ్నలకే చెరి 3 మార్కులు వచ్చి, మిగతావాటికి ఒకటీ అరా మాత్రమే పడిన వ్యక్తి 8 దగ్గరే ఆగిపోవచ్చు. మొత్తం మార్కులను మాత్రమే చూసేవారికి మొదటి వ్యక్తి రోగిగానూ రెండో వ్యక్తి ఆరోగ్యవంతుడిగానూ కనిపిస్తారు. కాబట్టి మొత్తంతో పాటు ఏ ప్రశ్నకు ఎంత వచ్చిందో చూడక తప్పదు. ఆ రెండు మూల ప్రశ్నలనే విడిగా అడిగే పీహెచ్‌క్యూ-2 కూడా ఉంది. అందులో 6కు 3 వస్తే పూర్తి ప్రశ్నావళికి వెళతారు. రద్దీగా ఉండే చోట ఇది ఉపయోగకరమైన తొలిమెట్టు.

జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవారి విషయంలో ఇవేవీ నమ్మదగినవి కావు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు దిగులుగా ఉన్నారని అడిగితే జవాబు చెప్పడానికి ఆ రెండు వారాలూ గుర్తుండాలి కదా. జ్ఞాపకశక్తిని కొలిచే ఎంఎంఎస్ఈ పరీక్షలో 30కి 15 కంటే తక్కువ వచ్చేవారిలో జీడీఎస్ విశ్వసనీయత తగ్గిపోతుంది. అటువంటి వారి కోసం 1988లో జార్జ్ అలెక్సోపౌలోస్ బృందం కార్నెల్ స్కేల్‌ను తయారుచేసింది. దీనిలో 19 అంశాలు ఉంటాయి. దగ్గరుండి చూసుకునే వ్యక్తిని విడిగా అడిగి, రోగిని స్వయంగా గమనించి, రెండింటినీ కలిపి వైద్య సిబ్బంది మార్కులు వేస్తారు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. సంరక్షకులే అలసిపోయి కుంగుబాటులో ఉంటే, రోగి లక్షణాలు వారి కంటికి ఉన్నదానికంటే పెద్దవిగా కనిపించవచ్చు.

ఏ ప్రశ్నావళికైనా ప్రాణం దాని మాటల్లో ఉంటుంది. వేరే భాషలో పుట్టిన ప్రశ్నను నిఘంటువు చూసి తెలుగు చేస్తే, ‘నిస్సహాయ భావన కలుగుతున్నదా’ వంటి వాక్యం తయారవుతుంది. అటువంటి వాక్యానికి పెద్దవారు ఒక క్షణం ఆలోచించి, అర్థం కాలేదనడానికి మొహమాటపడి, ‘లేదు’ అనేస్తారు. అదే మనిషి ‘ఏమీ తోచడం లేదు’, ‘దేని మీదా మనసు పోవడం లేదు’, ‘గుండె బరువుగా ఉంటోంది’, ‘ఎవరికీ భారం కాకుండా పోతే చాలు’ అని రోజూ ఇంట్లో అంటూనే ఉండవచ్చు. బెంగ, దిగులు, చింత, విసుగు అనే మాటలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. వాటిలో ఏది ఎంచుకుంటామన్నదాన్ని బట్టి సమాధానాలు మారతాయి. అనువాదం తర్వాత తిరిగి మూలభాషలోకి తర్జుమా చేసి సరిచూడటం, ఆ భాష మాట్లాడే వృద్ధుల్లోనే హద్దు మార్కును మళ్లీ పరీక్షించడం అందువల్లే అవసరం. ఒక దేశంలో సరిపోయిన 5 మరోచోట 4 కావచ్చు, 6 కావచ్చు.

లెక్క ఏం చెబుతోంది?

స్కోరునూ ముప్పు కారకాలనూ కలిపి ఎందుకు చదవాలో చెప్పే అసలు కారణం గణితంలో ఉంది. ఉదాహరణకు ఒక ప్రశ్నావళి కుంగుబాటు ఉన్నవారిలో 85 శాతం మందిని సరిగ్గా పట్టుకుంటుందనీ, లేనివారిలో 85 శాతం మందిని సరిగ్గా విడిచిపెడుతుందనీ అనుకుందాం. వేయి మంది వృద్ధుల్లో వంద మందికి కుంగుబాటు ఉంటే, ఆ వందలో 85 మంది దొరుకుతారు, 15 మంది తప్పిపోతారు. మిగిలిన 900 మందిలో 15 శాతం, అంటే 135 మంది, జబ్బు లేకుండానే హద్దు దాటుతారు. మొత్తం 220 మంది హద్దు దాటితే అందులో నిజంగా కుంగుబాటు ఉన్నవారు 85 మందే. సుమారు 39 శాతం. పరీక్ష మంచిదే అయినా, హద్దు దాటిన ప్రతి ఐదుగురిలో ముగ్గురికి జబ్బు లేదన్నమాట.

అదే ప్రశ్నావళిని, అవే హద్దు మార్కులతో, దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రంలో ఉంటున్న మరో వేయి మందికి ఇద్దాం. వారిలో 300 మందికి కుంగుబాటు ఉందనుకుంటే 255 మంది దొరుకుతారు. మిగతా 700 మందిలో 105 మంది పొరపాటున హద్దు దాటుతారు. ఇప్పుడు హద్దు దాటిన 360 మందిలో సుమారు 71 శాతం మందికి నిజంగానే జబ్బు ఉంది. ప్రశ్నలు మారలేదు, మార్కులు మారలేదు. ఆ మార్కుల వెనుక ఉన్న మనుషుల ముప్పు మారింది, దాంతో వాటి అర్థమూ మారింది.

ఒక సమూహానికి చెప్పిన ఈ మాటే ఒక వ్యక్తికీ వర్తిస్తుంది. జీడీఎస్‌లో 6 మార్కులు వచ్చిన ఇద్దరిని తీసుకుందాం. ఒకరు గతంలో ఎన్నడూ కుంగుబాటు ఎరుగరు, నిద్ర బాగానే పడుతోంది, తన పనులు తాను చేసుకుంటున్నారు, కానీ మోకాళ్ల నొప్పితో కొంతకాలంగా ఇల్లు కదలడం లేదు. మరొకరికి నలభయ్యో ఏట ఒకసారి కుంగుబాటు వచ్చింది, ఏడాది క్రితం జీవిత భాగస్వామి పోయారు, ఆరు నెలలుగా సరైన నిద్ర లేదు. కాగితం మీద ఇద్దరూ సమానమే. మొదటివారికి నొప్పి తగ్గించి, నెల తర్వాత మళ్లీ అడిగితే సరిపోవచ్చు. రెండోవారిని ఆ రోజే కూర్చోబెట్టి వివరంగా మాట్లాడకుండా పంపడం తప్పవుతుంది.

ముప్పు ఎక్కడ ఉంది?

సమాజంలో జీవిస్తున్న వృద్ధుల మీద జరిగిన అధ్యయనాలను క్రోడీకరిస్తూ మార్టిన్ కోల్, నందిని దెందుకూరి 2003లో ప్రచురించిన విశ్లేషణ ఐదు ముప్పు కారకాలను గుర్తించింది: ఆప్తుల మరణం, నిద్రలేమి, శారీరక వైకల్యం, గతంలో కుంగుబాటు వచ్చి ఉండటం, స్త్రీ కావడం. ఈ ఐదింటిలో రెండు మార్చలేనివి. మరణాన్ని ఆపలేకపోయినా మరణానంతర ఒంటరితనం విషయంలో చేయగలిగింది ఉంది. మిగిలిన రెండూ, అంటే నిద్ర, వైకల్యం, చికిత్సకు లొంగే అవకాశం ఉన్నవి. ముప్పు కారకాల జాబితా చదివేటప్పుడు ఈ విభజన గుర్తుపెట్టుకుంటే ఉపయోగం ఎక్కువ: కొన్ని కారకాలు ఎవరిని జాగ్రత్తగా చూడాలో చెబుతాయి, మరికొన్ని ఏం చేయాలో కూడా చెబుతాయి.

నిద్రనే చూద్దాం. నిద్ర పట్టకపోవడాన్ని కుంగుబాటు లక్షణంగా మాత్రమే చూడటం పాత అలవాటు. కుంగుబాటు లేకుండా నిద్రలేమితో బాధపడుతున్నవారిని కొన్నేళ్లపాటు గమనించిన అధ్యయనాల్లో, వారికి తర్వాతి కాలంలో కుంగుబాటు వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. అంటే నిద్రలేమి ఒకేసారి లక్షణం, ముప్పు కారకం కూడా. దీనికి పరిష్కారంగా ఏళ్ల తరబడి నిద్రమాత్రలు వాడటం మరో సమస్య. బెంజోడయజపీన్ తరగతి మందులు వృద్ధుల్లో మగతను, తూలి పడిపోవడాన్ని, మతిమరుపును పెంచుతాయి. నిద్రవేళలను, అలవాట్లను, నిద్ర గురించిన ఆలోచనలను సరిచేసే ప్రవర్తనా చికిత్సకు ఆధారాలు బలంగా ఉన్నాయి.

వైకల్యం అనగానే మంచాన పడటమే గుర్తుకొస్తుంది. నిజానికి స్నానం, బట్టలు వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం వంటి పనుల్లో ఒకటి ఇతరుల చేతికి పోయినప్పుడే నష్టం మొదలవుతుంది. వినికిడి ఇందులో ప్రత్యేకంగా చెప్పుకోదగింది. చెవులు సరిగా వినిపించని వ్యక్తి మొదట సభల్లో, తర్వాత ఇంటి సంభాషణల్లో వెనక్కి తగ్గుతారు. అడిగినదాన్ని మళ్లీ అడిగించుకోవడానికి సిగ్గుపడి నవ్వి ఊరుకుంటారు. బయటివారికి ఆ మౌనం కుంగుబాటులా కనిపించవచ్చు, కొంతకాలానికి నిజంగానే కుంగుబాటుగా మారవచ్చు. పైకి చదివి వినిపించే ప్రశ్నావళికి సమాధానం చెప్పేముందు ప్రశ్న వినపడిందో లేదో చూసుకోవడం అతి సాధారణమైన జాగ్రత్త. అందరూ మరిచిపోయేదీ అదే.

మెదడు రక్తనాళాల పాత్ర మరో ముఖ్యమైన అధ్యాయం. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందికి ఏదో ఒక దశలో కుంగుబాటు వస్తుంది. పక్షవాతం రాకపోయినా, అధిక రక్తపోటు, మధుమేహం వల్ల మెదడులోని సూక్ష్మ రక్తనాళాలు దెబ్బతిని, లోపలి తెల్లని పదార్థంలో మచ్చలు ఏర్పడతాయి. భావోద్వేగాలను నియంత్రించే మార్గాలు ఈ మచ్చల వల్ల తెగిపోయి, 60 దాటాక మొదటిసారిగా కుంగుబాటు రావచ్చన్న ‘రక్తనాళ కుంగుబాటు’ సిద్ధాంతాన్ని 1997లో అలెక్సోపౌలోస్, రంగా కృష్ణన్ వేర్వేరు బృందాలతో ప్రతిపాదించారు. ఇటువంటివారిలో దిగులు కంటే చొరవ లేకపోవడం, పని మొదలుపెట్టలేకపోవడం, ఆలోచన నెమ్మదించడం ఎక్కువగా ఉంటాయి; మందులకు స్పందన కూడా తక్కువగా ఉండే అవకాశం ఉంది. మచ్చలు కారణమా, కేవలం తోడుగా కనిపించేవా అన్న చర్చ ఇంకా ముగియలేదు.

మందుల విషయంలో ఒక సవరణ అవసరం. స్టెరాయిడ్లు, ఇంటర్‌ఫెరాన్ వంటివి కుంగుబాటును తేగలవనడానికి ఆధారాలు ఉన్నాయి. రక్తపోటుకు, గుండెకు వాడే బీటా బ్లాకర్లను కూడా దశాబ్దాలపాటు ఇదే జాబితాలో చేర్చారు. తర్వాత వచ్చిన పెద్ద విశ్లేషణలు ఆ ఆరోపణను బలపరచలేదు. అనుమానంతో గుండె మందు ఆపేస్తే జరిగే నష్టం పెద్దది కాబట్టి ఈ తేడా తెలిసి ఉండాలి.

మిగతా కారకాల్లో పేదరికం, దీర్ఘకాలిక నొప్పి, మద్యం ముఖ్యమైనవి. మరో రెండు కారకాలను ప్రశ్నావళులు అడగవు. మొదటిది సేవ చేయడం: మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్న భర్తను లేదా భార్యను ఏళ్ల తరబడి చూసుకుంటున్న వ్యక్తి తాను రోగి కాదు కాబట్టి ఎవరి పరీక్షలోకీ రారు. రెండోది వేధింపు. ప్రతి ఆరుగురు వృద్ధుల్లో ఒకరు ఏదో ఒక రకమైన వేధింపునకు గురవుతున్నారనీ, ఆ పని తరచుగా వారి సంరక్షకులే చేస్తున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ కారణంగా, ఇంటివారు ఎంత ప్రేమగా వెంట వచ్చినా, ప్రశ్నావళిలో కొంత భాగమైనా పెద్దవారిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి.

కుంగుబాటులా కనిపించేవి

హద్దు దాటిన తర్వాత జరగవలసిన మొదటి పని మందు రాయడం కాదు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 లోపం, రక్తంలో సోడియం తగ్గడం వంటివి మనిషిని అచ్చం కుంగుబాటులాగే మందకొడిగా మారుస్తాయి. కొద్దిపాటి రక్త పరీక్షలతో ఇవి తేలిపోతాయి. ఆసుపత్రిలో ఉన్న వృద్ధులు హఠాత్తుగా మౌనంగా, నిద్రమత్తుగా మారితే అది ఇన్ఫెక్షన్ వల్లనో మందుల వల్లనో వచ్చిన డెలిరియం, అంటే మెదడు ఉన్నట్టుండి అయోమయంలో పడే స్థితి, కావచ్చు. గంటల్లో, రోజుల్లో వచ్చి, పూటపూటకూ మారుతూ ఉండటం దాని గుర్తు. దాన్ని కుంగుబాటుగా పొరబడితే అసలు జబ్బు ముదిరిపోతుంది.

మతిమరుపు జబ్బుతో చిక్కు మరింత లోతైనది. కుంగుబాటు ఉన్నవారు జ్ఞాపకశక్తి పరీక్షలో ‘నాకు తెలియదు’ అని ప్రయత్నించకుండానే వదిలేయడం, తమ మతిమరుపు గురించి తామే ఎక్కువగా బాధపడటం కనిపిస్తుంది. మతిమరుపు జబ్బు ఉన్నవారు తప్పు జవాబైనా చెప్పడానికి ప్రయత్నిస్తారు, లోపాన్ని కప్పిపుచ్చుకుంటారు. ఈ తేడాలు పనికొచ్చేవే గాని వాటి మీద పూర్తిగా ఆధారపడలేం. ఎందుకంటే ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చు, వృద్ధాప్యంలో తొలిసారి వచ్చిన కుంగుబాటు రాబోయే మతిమరుపు జబ్బుకు ముందస్తు ఛాయ కూడా కావచ్చు. కుంగుబాటు తగ్గాక జ్ఞాపకశక్తిని మళ్లీ పరీక్షించి రాసి ఉంచుకోవడం ఒక్కటే ఈ ముడిని కొంతైనా విప్పుతుంది.

దుఃఖం జబ్బు కాదు. దుఃఖంలో ఉన్నవారికి కుంగుబాటు రాదనీ కాదు. అమెరికా నిర్ధారణ ప్రమాణాల్లో ఆప్తులు పోయిన తొలి రెండు నెలల్లో కుంగుబాటు నిర్ధారించరాదన్న మినహాయింపు ఉండేది. 2013లో దాన్ని తొలగించారు. అప్పట్లో దానిపై పెద్ద వివాదమే నడిచింది. స్థూలంగా చెప్పాలంటే దుఃఖం కెరటాల్లా వచ్చిపోతుంది, పోయినవారి చుట్టూ తిరుగుతుంది, మధ్యమధ్యలో నవ్వడానికీ తావిస్తుంది. కుంగుబాటులో ఆ విరామాలు ఉండవు; తాను పనికిరానివాడినన్న భావం అన్నిటినీ కమ్మేస్తుంది.

స్కోరు తర్వాత

చావు గురించిన ఆలోచనలను అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయానికి ఆధారం లేదు. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న దాని గురించే. జీడీఎస్‌లో అటువంటి నేరుగా అడిగే ప్రశ్న లేదు కాబట్టి దాన్ని వాడేవారు విడిగా అడగాలి. వృద్ధుల్లో, ముఖ్యంగా వృద్ధ పురుషుల్లో, ఆత్మహత్యాయత్నం ప్రాణాంతకం కావడం యువకుల్లో కంటే ఎక్కువ. అలా మరణించినవారిలో గణనీయమైన భాగం చివరి నెలలో ఎవరో ఒక వైద్యుణ్ణి కలిసినవారే. మానసిక వైద్యుణ్ణి కాదు, సాధారణ వైద్యుణ్ణి. తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని ఏ సమాధానం వచ్చినా, మొత్తం స్కోరు ఎంత తక్కువగా ఉన్నా, ఆ మనిషితో అప్పటికప్పుడు మాట్లాడవలసిందే.

స్క్రీనింగ్ అందరికీ చేయాలా వద్దా అన్నదానిపై నిపుణుల సంస్థలు ఏకాభిప్రాయానికి రాలేదు. జబ్బుల నివారణ, ముందస్తు పరీక్షలపై సిఫారసులు చేసే నిపుణుల బృందం అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2009లో, తగిన సహాయక ఏర్పాట్లు ఉన్నచోట చేయాలని షరతు పెట్టింది. 2016లో వృద్ధులతో సహా పెద్దలందరికీ సిఫారసు చేసింది, 2023లో దాన్ని కొనసాగించింది. కెనడాలోని అటువంటి టాస్క్ ఫోర్స్ మాత్రం 2013లో అందరికీ చేయవద్దని సూచించింది. ప్రశ్నావళి ఇవ్వడం వల్ల మాత్రమే ఫలితాలు మెరుగుపడ్డాయనే ఆధారాలు బలంగా లేవన్నది, తప్పుడు నిర్ధారణల భయం ఉందన్నది దాని వాదన. పైన వేసిన లెక్కను గుర్తు చేసుకుంటే ఆ వాదనను కొట్టిపారేయలేం. రెండు పక్షాలూ ఒప్పుకునే విషయం ఏమిటంటే, హద్దు దాటినవారికి అందించడానికి ఏమీ సిద్ధంగా లేనిచోట ప్రశ్నావళి వల్ల ఒరిగేది శూన్యం.

సిద్ధంగా ఉన్నప్పుడు ఏం జరుగుతుందో 2002లో వెలువడిన ఇంపాక్ట్ అధ్యయనం చూపింది. అమెరికాలోని 18 ప్రాథమిక వైద్య కేంద్రాల్లో 60 ఏళ్లు దాటిన 1801 మంది ఇందులో పాల్గొన్నారు. సగం మందికి మామూలు వైద్యం అందింది. మిగతా సగానికి ఒక సంరక్షణ నిర్వాహకుడు క్రమం తప్పకుండా ఫోన్ చేసి, లక్షణాలను మళ్లీ మళ్లీ కొలిచి, మెరుగుపడకపోతే మానసిక వైద్యుడి సలహాతో చికిత్స మార్చే ఏర్పాటు చేశారు. ఏడాది తర్వాత లక్షణాలు సగానికి సగం తగ్గినవారు ఈ రెండో బృందంలో 45 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 19 శాతం. ఇక్కడ ప్రశ్నావళి మొదటి రోజుతో అయిపోలేదు. రక్తపోటు కొలిచినట్టు ప్రతిసారీ కొలిచారు. కుంగుబాటు మందులు వృద్ధుల్లో సోడియం తగ్గించడం, తూలి పడే ముప్పు పెంచడం వంటి ఇబ్బందులు తేగలవు గనుక తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. అటువంటి చికిత్సకు ఈ వరుస కొలతలు మరింత అవసరం.

ఇక హద్దుకు కొద్దిగా ఇవతలే ఆగిపోయినవారి సంగతి. జీడీఎస్‌లో 3 లేదా 4 వచ్చి, నిద్ర సరిగా లేక, మధుమేహంతోనో కీళ్ల నొప్పులతోనో సతమతమవుతూ ఉన్న వ్యక్తి ‘నెగెటివ్’ అన్న ముద్రతో వెనక్కి వెళ్లిపోతారు. గోవాలో 60 ఏళ్లు దాటిన 181 మందిపై జరిగి 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం సరిగ్గా ఇటువంటివారినే తీసుకుంది: లక్షణాలు ఉన్నాయి, నిర్ధారణకు చాలవు. మానసిక వైద్యంలో పట్టాలు లేని, కొద్దిపాటి శిక్షణ పొందిన స్థానిక సలహాదారులు వారితో కూర్చుని ఎదురవుతున్న సమస్యలను ఒక్కొక్కటిగా విడదీసి పరిష్కరించుకోవడం నేర్పారు. నిద్ర అలవాట్లను సరిచేశారు. ఉన్న దీర్ఘకాలిక జబ్బులను ఎలా చూసుకోవాలో చెప్పారు. అందుబాటులో ఉన్న వైద్య, సామాజిక పథకాలను అందుకోవడంలో సాయపడ్డారు. ఏడాదిలో కుంగుబాటు వచ్చినవారు వీరిలో 4.4 శాతం, మామూలు సంరక్షణలో ఉన్నవారిలో 14.4 శాతం. ఆ సలహాదారులు పట్టించుకున్నవన్నీ జీడీఎస్ చివర కూడిన మార్కుల్లో ఎక్కడా కనిపించని విషయాలే: నిద్ర, జబ్బులు, రోజువారీ సమస్యలు, అందని పథకాలు.